రంగు పండే వేడి

వంటింటి బల్ల,
ఫిబ్రవరి 3, సోమవారం, ఉదయం 9:15

చిరంజీవి తూనీగకు,
అమ్మమ్మ ఆశీస్సులు.

ఈ ఉత్తరం ఇవాళే రాయడానికి కారణం, శనివారం పోస్టులో వచ్చిన నీ అట్టపెట్టె. లోపల ఉత్తరం ముక్క లేదు. పాత గుడ్డలో చుట్టిన ఇరవై నాలుగు గాలాలున్నాయి. సీసపు తల, తలలోంచి వంపు తిరిగి వచ్చిన కొక్కెం, తల మీద రంగు. మీ తాతయ్య వీటిని జిగ్గులు అనేవారు. గుడ్డ విప్పేసరికి బల్ల మీద రంగు పెచ్చులు రాలాయి. కళ్ళజోడు పెట్టుకుని లెక్కపెట్టాను. ఇరవై నాలుగింట్లో పదిహేడింటికి రంగు ఊడింది. మిగిలిన ఏడింటినీ గోటితో గీకి చూశాను. రెండింటికి లేచి వచ్చింది. కాబట్టి పంతొమ్మిది.

మీ అమ్మ ఫోన్ చేసి అరగంట ఏడ్చింది. పళ్ళ డాక్టరు దగ్గర అచ్చులు తీసే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చావట. సరస్సు ఒడ్డున పడవల షెడ్డులో తాతయ్య బల్ల ముందు కూర్చున్నావట. ఆయన పోయి ఎనిమిది నెలలు. ఆ బల్ల ఖాళీగా ఉందని నాకూ తెలుసు. ఖాళీ అయిన ప్రతి కుర్చీలోనూ ఎవరో ఒకరు కూర్చుని తీరాలని ఎక్కడా రాసిలేదు.

నీకు మూడు ప్రశ్నలు. ఈ పెట్టె నాకెందుకు పంపావు? ఎవరి మాట మీద ఉద్యోగం మానావు? చేతులకు తొడుగులు వేసుకుంటున్నావా? సీసం ముట్టుకున్న చేత్తో తిండి తినేవాళ్ళ కోసం నేను ముప్పై రెండేళ్ళు బడిలో రసాయనశాస్త్రం చెప్పలేదు.

గాలాల సంగతి నాకు తెలియదు. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆ సరస్సు మొహం చూసి ఎరగను. రైల్లో నాలుగు గంటల ప్రయాణం. రమ్మని ఆయన ఏటా అడిగేవారు, పనుందని నేను ఏటా చెప్పేదాన్ని. కొన్నాళ్ళకు ప్రశ్నా జవాబూ రెండూ ఆయనే చెప్పేసి రైలెక్కేవారు.

ఫోన్ చేయకు. ఆ షెడ్డులో ఫోను సరిగా పలకదని మీ అమ్మ చెప్పింది. పలికినా, ఫోనులో అన్న మాటను రేపు చూపించమంటే చూపించలేం. ఉత్తరం రాయి.

అమ్మమ్మ


పడవల షెడ్డు, తాతయ్య బల్ల,
ఫిబ్రవరి 11

అమ్మమ్మా,

నీ ప్రశ్నలకు వెనక నుంచి జవాబులు చెబుతాను. తొడుగులు వేసుకుంటున్నాను. ఉద్యోగం నా మాట మీదే మానాను. పెట్టె ఎందుకు పంపానన్నది పెద్ద కథ, కాస్త ఓపిక పట్టు.

ఈ షెడ్డు ఓనరు పడవ మోటార్లు బాగుచేస్తాడు. నడిస్తే జేబులో బోల్టులు గలగలమంటాయని అందరూ బోల్టు బాబాయి అంటారు. కిటికీ పక్క బల్లను తాతయ్యకు పంతొమ్మిదేళ్ళు ఊరికే వదిలేశాడు. నేను వచ్చి కూర్చున్న రెండో రోజు వచ్చి బల్ల అంచు మీద చెయ్యి వేశాడు.

"చూడమ్మాయ్, మీ తాత చేసిన గాలాన్ని నేను ఆటకి ఆ రాతిమెట్టు మీద పడేసేవాణ్ణి. రంగు రవ్వంత కూడా లేచేది కాదు. నీళ్ళ అడుగున ఉండేవన్నీ రాళ్ళే. రాయికి ఆగని రంగు చేపకేం ఆగుతుంది? ఏప్రిల్ ఇరవైన సరస్సుని చేపల వేటకి తెరుస్తారు. ఆలోపు నీవి పది పడేస్తా. తొమ్మిది నిలిస్తే బల్ల నీది. లేదంటే ఏమనుకోకు, నా మోటార్లు స్టాండు లేక నేల మీద పడి ఏడుస్తున్నాయి."

"పదీ నిలిస్తే?" అన్నాను.

"పదీ నిలిస్తే మీ తాతే ఓణీ వేసుకుని వచ్చాడనుకుంటా."

ఇదీ నా పరిస్థితి. ఈ బల్ల పోతే నాకు ఇంకో బల్ల లేదు. అయినా ఎందుకింత పట్టుదల అని నువ్వు అడుగుతావు. అడగకముందే చెబుతాను.

మసి రంగు సీసపు తలను పటకారుతో పట్టుకుని స్పిరిట్ దీపం మంట మీద తిప్పుతాను. మనసులో ఎనిమిది దాకా లెక్కపెడతాను. చూడ్డానికి ఏమీ మారదు. ఎర్రబడదు, పొగ రాదు. పక్కన సీసాలో పొడి రంగు ఉంటుంది, మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా. సీసాను చెంచాతో తట్టి పొడిని గుల్ల చేస్తాను. వేడి తలను అందులో ముంచి, ఒకటి అనేలోపు పైకి తీస్తాను. తీసినప్పుడు పిండిలో దొర్లించినట్టు మొద్దుగా ఉంటుంది. ఒక్క ఊపిరి ఆగాలి. ఆ పిండి ఎక్కడికి పోతుందో అమ్మమ్మా, చూస్తూ చూస్తుండగానే తల తడిసినట్టు మెరుస్తుంది. చుక్క నీరు లేదు, కుంచె లేదు. గాజైపోతుంది. ఆ గాజులో షెడ్డు కిటికీ కనిపిస్తుంది, కిటికీ ముందు చీమంత నేను. ఎన్ని వందలసార్లు చూశానో. ఇప్పటికీ ప్రతిసారీ నోరు తెరుచుకునే ఉంటుంది. పళ్ళ అచ్చులు తీసిన ఆరేళ్ళలో నోళ్ళు తెరిచింది నేను కాదు, వచ్చినవాళ్ళు.

కానీ ఆ మెరుపు పైపై మెరుపే. తరవాత ఓవెన్లో వేలాడదీసి పండబెట్టాలి. అది తాతయ్య మాట. కాయను పండబెట్టినట్టు రంగునీ పండబెట్టాలనేవాడు. సీసం కరిగించి పోయడం, వేడి చేయడం, ముంచడం అన్నీ వేసవి సెలవుల్లో ఇక్కడే నాకు నేర్పాడు. పండబెట్టడం మాత్రం చలికాలంలో మీ ఇంట్లో చేసుకునేవాడు కాబట్టి నేనెప్పుడూ చూడలేదు. ఎంత వేడి, ఎంతసేపు అని ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట: "మీ అమ్మమ్మనడుగు." నవ్వుతాలకి అంటున్నాడనుకున్నాను. ఆయన ఒక్క ముక్క కూడా రాసిపెట్టుకోలేదు. పొడి ఏదో మూతబడిన కార్ఖానా నుంచి తెచ్చుకున్నాడట, సీసాల మీద కాగితాలు లేవు. అందరూ అడిగేది ఆయన కలిపిన ముదురాకుపచ్చ. అది ఒక్క సీసాయే మిగిలింది.

అందుకే పండబెట్టని గాలాలతో ఆ పెట్టె నీకు పంపాను. అడగడానికి భయమేసి ఉత్తరం పెట్టలేదు.

అమ్మమ్మా, నీకు తెలుసా?

తూనీగ


వంటింటి బల్ల,
ఫిబ్రవరి 19, బుధవారం, ఉదయం 10:00

చిరంజీవి తూనీగకు,

ఉత్తరం ముక్క రాయడానికి భయపడినదానివి, రాజీనామా రాయడానికి ఎందుకు భయపడలేదో నాకు బోధపడలేదు. అది అలా ఉంచుదాం.

'నాకు తెలియదు' అని రాసి ఉత్తరం మడిచాను. మళ్ళీ విప్పాను. నేను అబద్ధం రాయను. నాకు తెలియదు, కానీ నా దగ్గర ఉంది.

పంతొమ్మిదేళ్ళ క్రితం మీ తాతయ్య సీసపు గాలాలను నా వంట ఓవెన్లో పెట్టబోతుండగా పట్టుకున్నాను. పదకొండేళ్ళుగా నేను కేకులు చేస్తున్న ఓవెన్ అది. సీసం తగిలిన చోట తిండి వండకూడదని చెప్పి ఆ ఓవెన్ను వెనక వరండాలోకి వెళ్ళగొట్టాను, ఆయనతో సహా. ఒక షరతు పెట్టాను. బడి ప్రయోగశాలలో ఏ పరికరం వాడినా రిజిస్టరులో ఎక్కాలి, ఇంట్లోనూ అంతే. ఆయనవి కోడిగీతలు. అందుకని వంటింటి కిటికీలోంచి చూసి నేనే రాసేదాన్ని. తేదీ, పెట్టిన సమయం, తీసిన సమయం, నాబ్ మీది అంకె, ఎన్ని గాలాలు, ఏ రంగు, రిమార్కులు. మొత్తం మూడు పుస్తకాలు, 1,312 వరుసలు.

ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. అది ఆయన నేరాల పట్టీ. ఎప్పుడైనా వాదన వస్తే చూపించడానికి రాశాను. మచ్చుకు నాలుగు వరుసలు ఎత్తి రాస్తున్నాను.

వరుస 9. నాబ్ 150. 11:04 నుంచి 11:26. పన్నెండు, పసుపు. రిమార్కు: మూడుసార్లు పిలిచినా పలకలేదు.

వరుస 233. నాబ్ 150. 4:10 నుంచి 4:32. ఇరవై, ఎరుపు. రిమార్కు: కనిపించకుండా పోయిన నా వెండి చెంచా సీసాలు తడుతూ దొరికింది.

వరుస 640. నాబ్ 150. 10:15 నుంచి 10:37. ఎనిమిది, ముదురాకుపచ్చ. రిమార్కు: ఇరవై రెండు నిమిషాలూ ఓవెన్ గాజు తలుపు ముందు పీట వేసుకుని కూర్చున్నారు. అందులో చూడ్డానికి ఏముందని అడిగాను. 'వచ్చి చూడు' అన్నారు. పని ఉందన్నాను.

వరుస 1,312. నాబ్ 150. 9:40 నుంచి 10:02. నాలుగు, ముదురాకుపచ్చ. రిమార్కు: చెయ్యి వణుకుతోంది. నేనేమీ అనలేదు.

మొదటి ఎనిమిది వరుసల్లో అంకె తలోరకంగా ఉంది. తొమ్మిదో వరుస నుంచి చివరిదాకా ఒకటే అంకె, ఒకటే వ్యవధి. నూట యాభై డిగ్రీలు, ఇరవై రెండు నిమిషాలు. కాబట్టి ఆయన నవ్వుతాలకి అనలేదు. నేను రాస్తున్నానని తెలిసే ఆయన రాసుకోలేదు. ఈ సంగతి నాకు ఇవాళ, ఈ ఉత్తరం కోసం పుస్తకాలు తిరగేస్తుంటే తెలిసింది.

చేతులు సబ్బుతో కడుక్కో.

అమ్మమ్మ


పడవల షెడ్డు,
మార్చి 6

అమ్మమ్మా,

నీ ఉత్తరాన్ని బోల్టు బాబాయికి చదివి వినిపించాను. వెండి చెంచా దగ్గర పడీపడీ నవ్వాడు. 1,312 దగ్గర లేచి వెళ్ళి, బాగానే ఉన్న మోటారును ఒకదాన్ని విప్పడం మొదలుపెట్టాడు. కాసేపటికి అక్కణ్ణుంచే అన్నాడు: "మీ తాత ఇక్కడ కూర్చుని ఏమనేవాడో తెలుసా? నేను ఇంట్లో తుమ్మినా రికార్డవుతుందోయ్ అనేవాడు. అదేదో బిరుదులా చెప్పుకునేవాడు."

నాకు తెలిసిన ఓవెన్లన్నీ తిండివే కాబట్టి, ఈ పని కోసమే చిన్నది, అంకెలు వెలిగే కొత్త ఓవెన్ తెచ్చుకున్నాను. నూట యాభై పెట్టాను. ఇరవై రెండు నిమిషాలు గడియారం ముందు కూర్చున్నాను. బయటికి తీసినప్పుడు ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను. పది చిన్న చిన్న చెరువులు ఆకుపచ్చగా తీగకు వేలాడుతున్నట్టున్నాయి. అవి చల్లారేదాకా బాబాయి పాటల రేడియో ఆపేశాడు.

తరవాత మెట్టు మీద పడేశాం. ఆరింటికి రంగు లేచింది.

ఇంకోసారి రెండు వందల దగ్గర పెట్టి రెండు చూశాను. ఆకుపచ్చ కాస్తా బురద రంగుకు తిరిగింది. ఇలా అంకె మీద అంకె పెట్టి చూస్తూ పోవడానికి పొడి లేదు. ముదురాకుపచ్చ ఇంకో ముప్పై గాలాలకు వస్తుందేమో.

కోప్పడకు అమ్మమ్మా. కిటికీలోంచి చూసి రాసినప్పుడు అంకె ఎప్పుడైనా తప్పు కనబడి ఉంటుందా?

తూనీగ


వంటింటి బల్ల,
మార్చి 13, గురువారం, ఉదయం 9:00

తూనీగకు,

నా రిజిస్టరులో తప్పు ఉండదు. కిటికీకీ ఓవెన్‌కీ మధ్య దూరం ఐదడుగులు. అప్పట్లో నాకు కళ్ళజోడు కూడా లేదు.

అంకెలు వెలిగినంత మాత్రాన ఓవెన్ నిజం చెబుతోందని నమ్మకు. రెండు థర్మామీటర్లు పెట్టి చూడు. పరికరాన్ని ముందు పరీక్షించాలి, తరవాతే నమ్మాలి. ఈ మాట నా తరగతి గోడ మీద ముప్పై రెండేళ్ళు ఉంది.

అమ్మమ్మ


పడవల షెడ్డు,
మార్చి 21

అమ్మమ్మా,

రెండు థర్మామీటర్లు పెట్టాను. ఒకటి నాది, ఒకటి బాబాయిది. నా ఓవెన్లో నూట యాభై అంటే నూట యాభయ్యే.

ఉన్న పొడిని ఇక కదిలించను. బాబాయి నిన్న బల్ల పొడవు టేపుతో కొలిచాడు. నేను చూశానని గమనించి, టేపు జేబులో పెట్టుకుని, "ఊరికే" అన్నాడు. మోటార్ల స్టాండుకే అని నాకు తెలుసు.

నీ గోడ మీది మాట నీకే అప్పజెబుతున్నానని అనుకోకు. మీ వెనక వరండా ఓవెన్ను నువ్వెప్పుడైనా పరీక్షించావా?

తూనీగ


వెనక వరండా,
ఏప్రిల్ 2, బుధవారం, మధ్యాహ్నం 3:30

నా తూనీగకు,

ఈ ఉత్తరం వంటింటి బల్ల మీద రాయడం లేదు. మీ తాతయ్య పీట మీద కూర్చుని, రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే పీటది తప్పు.

నీ ఆఖరి ప్రశ్న చదివి నాలుగు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. ఐదో రోజుకు ఆ కోపం నీ మీద కాదని తెలిసింది. ఇవాళ ఉదయం వరండా తలుపు తీశాను. ఆయన పోయాక ఓవెన్ను నేను ముట్టుకోలేదు. గాజు మీద దుమ్ము తుడిచాను. రిటైరైన రోజు బడివాళ్ళిచ్చిన పొడవాటి థర్మామీటరును పెట్టెలోంచి తీశాను. నాబ్ నూట యాభై మీద పెట్టి, అరగంట ఆగి చూశాను.

నూట డెబ్బై ఎనిమిది.

ఆర్పి, చల్లార్చి, మళ్ళీ చూశాను. నూట డెబ్బై ఎనిమిది. మూడోసారి నూట డెబ్బై ఏడున్నర.

అర్థమైందా? ఆ ఓవెన్ ఇరవై ఎనిమిది డిగ్రీలు తక్కువ చెబుతుంది. నేను 1,312 సార్లు, ఒక్క కొట్టివేత లేకుండా, గుండ్రటి దస్తూరీతో, తప్పు అంకె రాశాను. పిల్లలకు పరికరాన్ని పరీక్షించమని చెప్పి, ఇంటికొచ్చి నా ఓవెన్ను దేవుడిలా నమ్మాను. అంతకుముందు పదకొండేళ్ళు నా కేకుల అడుగు మాడింది. పుస్తకంలో చెప్పిన వేడే పెట్టానని వాదించేదాన్ని. మీ తాతయ్య మాడిన అడుగును చాకుతో ఒలిచి పక్కన పెట్టి, 'పైన బ్రహ్మాండం' అని తినేవారు.

నాబ్ వదులై జారిందేమోనని గట్టిగా లాగాను. ఊడి చేతికి వచ్చింది. దాని వెనక రేకు మీద ఏవో గీతలు కనిపించాయి. తుప్పనుకుని తడిగుడ్డ పెట్టాను. తుప్పు కాదు, కోడిగీతలు. గాలపు ముల్లుతో గీకి రాసినవి. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

'28 తక్కువ చూపిస్తుంది. బాగుచేయొద్దు. రిజిస్టరు దీన్నే నమ్ముకుంది.'

కింద తేదీ వేశారు. పుస్తకం తెరిచి చూశాను. అది తొమ్మిదో వరుస తేదీ. మొదటి ఎనిమిది సార్లు అంకెలు తలోరకంగా ఎందుకున్నాయో తెలిసింది. ఆయన అప్పుడు దాన్ని పరీక్షిస్తున్నారు. నేను చేయని పని చేస్తున్నారు. ఆ రోజు మూడుసార్లు పిలిచినా ఎందుకు పలకలేదో కూడా తెలిసింది.

బాగుచేయించడం ఆయనకు పది నిమిషాల పని. బాగుచేస్తే ఆ తరవాత నేను రాసే అంకె మారేది. ఎందుకు మారిందని అడిగేదాన్ని, నిజం తెలిసేది. అప్పుడు వెనక రాసినవన్నీ, కేకులతో సహా, తప్పయ్యేవి. అందుకని ఓవెన్ను తప్పుగా ఉంచి నన్ను ఒప్పుగా ఉంచారు. పంతొమ్మిదేళ్ళు. మనిషిలో ఇంత చోటు ఉంటుందని నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

చాలాసేపు నాబ్ చేతిలో పట్టుకుని ఊరికే కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం నాకు రాదని నీకు తెలుసు.

తరవాత సొరుగు తీశాను. రంగు వేయని సీసపు తలలు ఆరున్నాయి. ఒక సీసా అడుగున వేలెడు ముదురాకుపచ్చ పొడి ఉంది. తొడుగులు వేసుకున్నాను, ముక్కుకు గుడ్డ కట్టుకున్నాను. స్పిరిట్ దీపం వెలిగించాను. నా వెండి చెంచాతో సీసా తట్టాను. మొదటిది సరిగా వేడెక్కలేదు, పొడి అంటుకోకుండా రాలిపోయింది. రెండోది ఎక్కువ వేడెక్కింది, కింద రంగు బొట్టు కట్టింది. మూడోదానికి నువ్వు రాసినట్టే ఎనిమిది లెక్కపెట్టాను.

తూనీగా, నేను చూశాను.

పదార్థం ఘనస్థితి నుంచి ద్రవస్థితికి మారుటను ద్రవీభవనము అందురు. ఇది నేను నల్లబల్ల మీద ఎన్ని వేలసార్లు రాశానో లెక్క లేదు. అది ఇలా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. బూజులాంటి పొడి, దానిలోంచి దానికే ఏదో గుర్తొచ్చినట్టు, అంచుల నుంచి లోపలికి వెలుగు నిండింది. ఆ ఆకుపచ్చలో నా మొహం కనబడింది. ఏడు పదులు దాటిన మొహం. నోరు తెరుచుకుని ఉంది.

మొదటిదాన్ని మళ్ళీ ముంచి, ఆరింటినీ తీగకు వేలాడదీసి ఓవెన్లో పెట్టి, గాజు తలుపు ముందు కూర్చున్నాను. వరుస 640లో ఆయన ఏం చూస్తున్నారని అడిగానో, అది చూశాను. మొదటి నిమిషాల్లో ఏమీ ఉండదు. ఎనిమిదో నిమిషం దాటాక రంగు మీది చిన్న చిన్న గరుకులు ఒక్కొక్కటే అణిగిపోతాయి. గాలి ఆగిన నీళ్ళలా తల నున్నబడుతుంది. ఆ తరవాత కంటికి ఏ మార్పూ ఉండదు. కానీ అసలు పని అప్పుడే జరుగుతుంది. పైకి కరిగినదంతా లోపల ఒకదాన్నొకటి పట్టుకుంటుంది, ఇక విడదీయలేనట్టుగా. కరగడం వేరు, పండటం వేరు. కరగడానికి ఒక్క ఊపిరి చాలు. పండటానికి సరైన వేడిలో, తలుపు తీయకుండా, ఇరవై రెండు నిమిషాలు ఆగాలి. నూట యాభై దగ్గర నీ రంగు కరిగింది, పండలేదు.

చల్లారాక ఒకదాన్ని పెరట్లో బట్టలుతికే రాయి మీద పడేశాను. తరవాత గట్టిగా విసిరాను. రాయికి గీత పడింది. రంగుకు పడలేదు.

రిజిస్టరులో వరుస 1,313 రాశాను. నాబ్ 150. 1:20 నుంచి 1:42. ఆరు, ముదురాకుపచ్చ. రిమార్కుల గడి దగ్గర కలం ఆగింది. ఏం రాయాలో తెలియలేదు. ఇన్నేళ్ళలో ఆ గడి ఖాళీగా ఉండటం ఇదే మొదటిసారి.

నీ ఓవెన్లో నూట డెబ్బై ఎనిమిది పెట్టు. ఇరవై రెండు నిమిషాలు. ముందు ఒక్కటి చెయ్యి. సీసాలో మిగిలిన పొడి ఈ ఉత్తరంతో పాటు డబ్బాలో పంపుతున్నాను.

అమ్మమ్మ


పడవల షెడ్డు, తాతయ్య బల్ల,
ఏప్రిల్ 11

అమ్మమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బాబాయికి నాబ్ వెనక మాట చదివినప్పుడు ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "పంతొమ్మిదేళ్ళు నా పక్కనే కూర్చున్నాడు, ఈ ముక్క ఒక్కరోజు కూడా బయటపెట్టలేదు, దొంగ" అన్నాడు.

నువ్వు చెప్పినట్టు ముందు ఒక్కటే చేశాను. అది నిలిచింది. మిగిలిన తొమ్మిదీ ఒకే విడతలో పెట్టాను. గాజు తలుపు ముందు నేనూ బాబాయీ ఇద్దరం కూర్చున్నాం. ఎనిమిదో నిమిషంలో గరుకు అణగడం ఆయనకే ముందు కనబడింది. నా భుజం మీద తట్టి చూపించాడు, మాట్లాడితే అది ఆగిపోతుందన్నట్టు.

ఇరవయ్యో తేదీ దాకా ఆగడం తనవల్ల కాదని ఇవాళ పొద్దున్నే మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. భుజం ఎత్తు నుంచి ఒక్కొక్కటే వదిలాడు. సీసం రాయికి తగిలిన చప్పుడు పొట్టిగా, గట్టిగా ఉంది. ప్రతిదాన్నీ ఎత్తి, ఎండకు తిప్పి, బొటనవేలితో రుద్ది నా చేతిలో పెట్టాడు. ఒకటి. రెండు. తొమ్మిది దాకా గీత కూడా లేదు.

పదోది రాయికి తగిలి, పక్కకు దొర్లి, నీళ్ళలో పడింది.

"తొమ్మిది చాలు కదా బాబాయ్" అన్నాను.

"బల్లకి చాలు. బల్ల నీదే, పో. టేపు కూడా ఇస్తా, కొలుచుకో" అన్నాడు. తరవాత మెట్టు మీద బోర్లా పడుకుని నీళ్ళలోకి చూశాడు. "పదోది లెక్కలో ఎలా వేస్తావు?"

నీళ్ళు తేటగా ఉన్నాయి. మూడో మెట్టు కింద, రెండు రాళ్ళ మధ్య అది కనబడుతోంది. నీళ్ళలో ఆ ఆకుపచ్చ బయట ఉన్నట్టు ఉండదమ్మమ్మా. ఎలా ఉంటుందో రాయడానికి నాలుగు మాటలు పెట్టి నాలుగూ కొట్టేశాను. చెయ్యి పెడితే అందుతుంది. తీయబోయాను. బాబాయి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ముట్టుకోకు. లెక్కలు రాసే ఆవిడ వచ్చి చూసి చెప్పాలి."

వస్తావా?

తూనీగ


వెనక వరండా,
ఏప్రిల్ 15, మంగళవారం, ఉదయం 8:00

చిరంజీవి తూనీగకు,

నీ ఉత్తరం నిన్న అందింది. తొమ్మిది నిలిచాయి, సంతోషం. పదోదాన్ని చూడకుండా పది అని రాయను, తొమ్మిది అని కూడా రాయను. షెడ్డు యజమాని గారికి లెక్క అంటే తెలుసు, ఆ మాట ఆయనతో చెప్పు. టికెట్టు తీసుకున్నాను. ఇక జరగవలసినవి:

1. పాత ఓవెన్ గురువారం లారీలో బయలుదేరుతుంది. నీ బల్ల పక్కన, నేలకు సమంగా పెట్టించాలి. అందులో తినే వస్తువు ఏదీ పెట్టకూడదు.

2. దాని నాబ్ ఎవరూ బాగుచేయకూడదు. యజమాని గారి చేతులు దురద పెట్టినా సరే. ముల్లు నూట యాభై మీదే ఉండాలి.

3. మూడు పుస్తకాలూ నేను తెస్తున్నాను. వరుస 1,314 నుంచి నువ్వు రాయాలి. కొట్టివేతలు ఉండకూడదు.

4. మీ అమ్మతో నేను మాట్లాడతాను. నువ్వు నోరెత్తకు.

5. పంతొమ్మిదో తేదీ మధ్యాహ్నం 2:40 బండికి దిగుతాను. స్టేషనుకు ఒక్కదానివే రా.

6. గాజు తలుపు ముందు రెండు పీటలు వేయాలి.

7. ఇరవయ్యో తేదీ, ఎవరూ గాలం వేయకముందే, నన్ను మూడో మెట్టు దాకా చెయ్యి పట్టుకుని దించాలి. అప్పటిదాకా పదోదాన్ని నీళ్ళలోంచి తీయకూడదు. వరుస 1,313లో రిమార్కుల గడి ఇంకా ఖాళీగానే ఉంది. నీళ్ళలో చూశాక రాస్తాను.

అమ్మమ్మ